ఒక్క దేవుణ్ణి నమ్మి, పద్నాలుగురు దేవతలను సృష్టించినవాడు

ఈ సంచికకు ఒక వ్యాసం ఇమ్మని విద్యార్థి సంఘ కార్యదర్శి నా గదికి వచ్చినప్పుడు, విషయం మీరే ఎన్నుకోండి, వ్రాయడం నా వంతు అన్నాను. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఎల్ఫుల దేవుళ్ల గురించి వ్రాయమన్నాడు. హాస్టల్లో కుర్రాళ్లు కంప్యూటరు మీద ఆడే ఆటల్లో ఎల్ఫులని ఒక జాతి ఉంటుందట. సన్నగా, అందంగా, మొనదేలిన చెవులతో ఉంటారు. వందల ఏళ్లు బ్రతుకుతారు. వాళ్లకు వేరే దేవుళ్లు, వేరే గుళ్లు, వేరే పూజారులు. ఈ దేవుళ్లంతా ఏ పురాణంలోని వాళ్లు, వీళ్లను ఎవరు కనిపెట్టారు అన్నది వాళ్ల సందేహం.

సందేహం మంచిదే. జవాబు మాత్రం ఒక మనిషి జీవితమంత పొడుగుంది. అంచేత ఆ మనిషి కథే చెబుతాను. ఆయన జాన్ రొనాల్డ్ రూయెల్ టోల్కీన్. 2001 నుంచి మూడేళ్లు వరసగా వచ్చిన ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సినిమాల పుణ్యమా అని ఆ పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అయితే ఆ సినిమాల్లోని యుద్ధాలకు వెనక మరో పుస్తకం ఉంది. దాన్ని ఆయన దాదాపు అరవై ఏళ్లు వ్రాశాడు, కొట్టివేశాడు, మళ్లీ వ్రాశాడు, చివరికి పూర్తి చేయకుండానే కన్నుమూశాడు. ఎల్ఫుల దేవతలు నిజంగా కాపురముండేది ఆ పుస్తకంలో. దాన్ని వ్రాసినవాడు ప్రతి ఆదివారమూ చర్చికి వెళ్లే నిఖార్సయిన రోమన్ కాథలిక్కు. దేవుడు ఒక్కడే అని ప్రాణం పెట్టి నమ్మినవాడు ఒక దేవతాగణాన్ని ఎలా సృష్టించాడు, సృష్టించాక దానితో ఎంత అవస్థపడ్డాడు అన్నదే నాకు ఆ జీవితంలో అన్నిటికంటె ఆసక్తికరమైన సంగతి.

టోల్కీన్ 1892 జనవరి 3న, ఇప్పటి దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటేన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి ఆర్థర్ అక్కడ బ్యాంకు మేనేజరు. ఆ ఎండలు పిల్లవాడి ఒంటికి పడటం లేదని తల్లి మేబెల్ 1895లో ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని ఇంగ్లండు వచ్చింది. వెనక రావలసిన తండ్రి రానే లేదు. 1896 ఫిబ్రవరిలో జబ్బుచేసి అక్కడే పోయాడు. బర్మింగ్‌హామ్ పక్కన సేర్‌హోల్ అనే పల్లెలో చిన్న ఇల్లు తీసుకొని ఆ తల్లి పిల్లలకు తానే చదువు చెప్పింది. లాటిన్, ఫ్రెంచి, బొమ్మలు గీయడం, మొక్కల పేర్లు, అన్నీ ఆవిడ నేర్పినవే.

1900లో ఆవిడ కాథలిక్ మతంలోకి మారింది. ఆనాటి ఇంగ్లండులో అది చిన్న విషయం కాదు. మన పల్లెల్లో కులం తప్పిన ఆడపడుచుకు పుట్టింటి గడప ఎలా మూసుకుపోయేదో అలాగే అయింది. బంధువులు దూరమయ్యారు, కాస్తోకూస్తో అందుతూ వచ్చిన డబ్బు సాయం ఆగిపోయింది. ఆపైన మధుమేహం పట్టుకుంది. ఇన్సులిన్‌తో వైద్యం మొదలైంది 1922లో. మేబెల్ కన్నుమూసింది 1904 నవంబరులో. ఆవిడ వయస్సు ముప్ఫై నాలుగు, పెద్దకొడుక్కి పన్నెండు. ఫ్రాన్సిస్ మోర్గన్ అనే ఫాదరీని పిల్లలకు సంరక్షకుడిగా పెట్టి పోయింది. విశ్వాసం కోసం తన తల్లి ప్రాణం ధారపోసిందనే భావం టోల్కీన్‌ను చివరి రోజు వరకూ వదలలేదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత ఆయన ఎన్ని దేవతలను కల్పించినా, ఆ తల్లి దేవుణ్ణి పక్కకు నెట్టే ప్రశ్నే లేదు.

దేవతలకంటె ముందు ఆయన చేసినవి భాషలు. ఇది విచిత్రంగా తోస్తుంది గాని నిజం. బళ్లో ఉండగానే సొంతంగా భాషలు అల్లడం మొదలుపెట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కాలేజీలో 1911లో చేరాక, అక్కడి గ్రంథాలయంలో ఒక ఫిన్నిష్ వ్యాకరణ గ్రంథం కంటబడింది. ఆ భాష శబ్దానికి ఆయన మతి పోయింది. క్లాసిక్స్ చదువు కుంటుపడి, చివరికి ఇంగ్లీషు శాఖకు మారవలసి వచ్చింది. ఫిన్నిష్ రుచితో ఆయన చేసిన భాషే తర్వాత క్వెన్యా అయింది, వెల్ష్ రుచితో చేసింది సిండరిన్ అయింది. ఈ రెండూ ఎల్ఫుల భాషలు. అయితే మాట్లాడేవాళ్లు లేకుండా భాష ఏమిటి? మాట్లాడేవాళ్లు ఉంటే వాళ్లకో చరిత్ర ఉండాలి, చరిత్ర ఉంటే పురాణం ఉండాలి, పురాణం ఉంటే దేవతలుండాలి. భాషాశాస్త్రం మన సిలబస్‌లో నీరసమైన పేపరని మీలో కొందరి అభిప్రాయం. ఆ పేపరులోంచే ఒక లోకం మొత్తం పుట్టిందని మనవి.

1915 ప్రాంతంలో ఆయన తయారు చేసుకున్న తొలి ఎల్ఫు భాషా నిఘంటువును చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. అందులో సముద్రపు నురుగుకూ, వెన్నెలకూ మాటలున్నట్టే సువార్తకూ, సన్యాసికీ, శిలువ వేయడానికీ కూడా మాటలున్నాయి. అంటే మొదట్లో ఆయన ఊహించిన ఎల్ఫుల లోకానికీ తన మతానికీ మధ్య గోడ లేదు. ఆ మాటలన్నీ తర్వాత మాయమయ్యాయి. తన మతం తన కథలో పైకి కనబడకూడదు, కానీ దానికి విరుద్ధమైనది ఒక్కటీ ఉండకూడదు అనే కఠిన నియమం ఆ తర్వాత వచ్చింది. ఆయన కష్టాలన్నిటికీ మూలం ఆ నియమమే.

అంతకు ముందే, 1914 సెప్టెంబరులో, పాత ఇంగ్లీషు కావ్యం ఒకదానిలో కనబడిన ఎయారెండెల్ అనే ఒక్క పేరు పట్టుకొని, ఆకాశంలో నావ నడిపే నావికుడి మీద ఒక పద్యం వ్రాశాడు. మొత్తం పురాణానికి అదే విత్తనం. అప్పటికి యూరపులో యుద్ధం మొదలై రెండు నెలలు కూడా కాలేదు.

1916 మార్చిలో ఆయన ఎడిత్ బ్రాట్‌ను పెళ్లాడాడు. అదీ ఒక కథే. పదహారేళ్ల వయస్సులో పరిచయమైన అమ్మాయి, ఆయనకంటె మూడేళ్లు పెద్ద, ఆయనలాగే తల్లీదండ్రీ లేనిది. ఇరవై ఒకటి నిండేదాకా ఉత్తరం ముక్క కూడా వ్రాయకూడదని సంరక్షకుడు ఆంక్ష పెడితే, కుర్రవాడు మాట తప్పకుండా ఆగి, ఇరవై ఒకటి నిండిన రోజునే ఉత్తరం వ్రాశాడు. పెళ్లయిన మూడో నెలలో ఫ్రాన్సుకు, సోమ్ యుద్ధరంగానికి వెళ్లవలసి వచ్చింది. బళ్లో తనతో పాటు కవిత్వం చదువుకున్న ప్రాణమిత్రులు ముగ్గురిలో రాబ్ గిల్సన్ జూలై 1న, ఆ యుద్ధం మొదటి రోజునే పోయాడు. జెఫ్రీ స్మిత్ డిసెంబరులో పోయాడు. టోల్కీన్ కందకాల జ్వరం పట్టుకొని నవంబరులో ఇంగ్లండు చేరాడు. పేలు కుట్టడం వల్ల వచ్చే ఆ జ్వరమే ఆయన ప్రాణం కాపాడిందనాలి.

కోలుకుంటూ వ్రాసిన మొదటి పెద్ద కథ గోండోలిన్ అనే ఎల్ఫుల రహస్య నగరం పతనం. శత్రువు ఇనుముతో చేసిన డ్రాగన్లను పంపుతాడు. వాటి కడుపులో సైనికులు కూర్చొని వస్తారు. సోమ్ దగ్గర 1916 సెప్టెంబరులో ప్రపంచంలో మొదటిసారి ట్యాంకులు యుద్ధంలోకి దిగాయని గుర్తుచేసుకుంటే ఈ ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర లేదు. ఆ కథలోనే ఎల్ఫుల దేవతల్లో ఒకడైన ఉల్మో, జలాధిపతి, నగరం కూలబోతోందని ముందే కబురు పంపుతాడు. రాజు వినడు. దేవత హెచ్చరించగలడు కాని బలవంతం చేయలేడు. ఈ లక్షణం చివరిదాకా మారలేదు.

1918 చివర యుద్ధం ముగిశాక ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కార్యాలయంలో ఉద్యోగం దొరికింది. పగలు డబ్ల్యూ అక్షరంతో మొదలయ్యే మాటల పుట్టుపూర్వోత్తరాలు వెదికేవాడు. ఆ ఉద్యోగంలో ఉండగానే లోకం పుట్టుక కథ వ్రాశాడు. దాన్ని మీకు కాస్త వివరంగా చెప్పాలి.

మొదట ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు ఎరూ. ఎల్ఫులు ఇలూవతార్ అంటారు, సర్వానికీ తండ్రి అని అర్థం. ఆయన తన తలపు లోంచి అయినూర్ అనే ఆత్మలను పుట్టించి, వాళ్లకు రాగం ఇచ్చి పాడమన్నాడు. లోకం ఇంకా లేదు, పాట మాత్రమే ఉంది. నాదబ్రహ్మం గురించి విన్న మనకు ఇది కొత్తగా అనిపించదు. ఆ గానంలో అందరికంటె శక్తిమంతుడైన మెల్కోర్ అనేవాడు తన సొంత అపస్వరం కలిపాడు. ఎరూ గానాన్ని ఆపలేదు, ఆ అపస్వరాన్ని కూడా కలుపుకొనిపోయే మరో రాగం ఎత్తుకున్నాడు. పాట ముగిశాక, మీరు పాడింది ఇదీ అని వాళ్లకు చూపించాడు. అది మన ప్రపంచం. దానికి ఉనికి ఇచ్చే శక్తి మాత్రం ఆయన ఒక్కడిదే. దాని మీద మనసుపడిన కొందరు దానిలోకి దిగివచ్చారు. వాళ్లే వాలార్. చెడినవాణ్ణి మినహాయిస్తే ఏడుగురు పురుషులు, ఏడుగురు స్త్రీలు. గాలికి అధిపతి, అందరికీ రాజు మాన్వే. నక్షత్రాలు వెలిగించిన రాణి వార్డా. నీళ్లకు ఉల్మో. లోహాలకూ కొండలకూ శిల్పి ఔలే. చెట్టూ చేమా కాపాడే యవన్నా. చనిపోయినవాళ్లకు తీర్పు చెప్పే మాండోస్. లోకంలోని దుఃఖమంతటికీ కన్నీరు పెట్టే నియెన్నా. వేట, నిద్ర, నేత, నాట్యం, బలం, ఇలా తక్కినవాళ్లకూ తలా ఒక పని. వాళ్ల కింద మైయార్ అనే చిన్న పరివారం. మన అష్టదిక్పాలకులను తలచుకుంటే వీళ్ల హోదా అర్థమవుతుంది: అధికారం ఉంది, కానీ అది అప్పగించిన అధికారం.

ఇదంతా మొదటి రోజునే ఇంత శుభ్రంగా రాలేదు. 1916 నుంచి వ్రాసిన తొలి కథల్లో వీళ్లను దేవుళ్లు అనే అన్నాడు. వాళ్లకు పెళ్లాం పిల్లలున్నారు. మాన్వేకూ వార్డాకూ ఒక కొడుకూ కూతురూ ఉన్నారు. మాకార్ అని యుద్ధదేవుడు, మెయాస్సే అని అతని చెల్లెలు, ఆయుధాలు వేలాడే వాళ్ల ఇంట్లో పొద్దస్తమానం కత్తియుద్ధాలూ విందులూ. ఉత్తర యూరపు పాత పురాణాల వాసన గుప్పుమంటుంది. దశాబ్దాలు గడిచేకొద్దీ ఆయన ఒక్కొక్కటీ చెరిపేస్తూ వచ్చాడు. యుద్ధదేవుడూ చెల్లెలూ ఏకంగా పోయారు. మాన్వే కొడుకు కొడుకుతనం పోగొట్టుకొని వార్తాహరుడిగా మిగిలాడు. దేవుళ్లు అనే మాట తగ్గి, వాలార్, అంటే శక్తులు, అనే మాట నిలిచింది. మనుషులు అజ్ఞానం కొద్దీ వాళ్లను దేవుళ్లన్నారని సర్దుబాటు చేశాడు. నా మట్టుకు నాకు ఆ పాత మాకార్ కొంపలోని గలభా అంటే ఇష్టమే. అదీ ఉంటే బాగుండేదనిపిస్తుంది. కానీ ఆయన ఏం చేస్తున్నాడో తెలుస్తూనే ఉంది. తన దేవతలను ఒక్కొక్క మెట్టే కిందికి దింపి, పైమెట్టు మీద ఒక్కణ్ణే ఉంచుతున్నాడు.

త్రిశంకుడి కోసం విశ్వామిత్రుడు వేరే నక్షత్రాలను చేశాడు, వేరే సప్తర్షులను పెట్టాడు, వేరే ఇంద్రుణ్ణి కూడా చేయబోతుంటే దేవతలు దిగివచ్చి బతిమాలుకున్నారు. టోల్కీన్‌ను ఆపడానికి ఎవరూ రాలేదు. ఆపే పని కూడా ఆయనే చేసుకున్నాడు. మనిషికి వేరే లోకం సృష్టించే హక్కుందా అనే ప్రశ్న ఆయనను జీవితమంతా వెంటాడింది. స్నేహితుడు సి.ఎస్. లూయిస్ పురాణాలంటే అందమైన అబద్ధాలని వాదిస్తే, 1931 సెప్టెంబరులో ఒక రాత్రి పొద్దుపోయేదాకా మాడ్లిన్ కాలేజీ చెట్ల కింద నడుస్తూ ఆ మాట తప్పని వాదించాడు. సృష్టికర్త పోలికతో పుట్టిన మనిషి సృష్టించకుండా ఉండలేడు, అందులో నేరం లేదు అన్నది ఆయన పక్షం. నాస్తికుడిగా మొదలై అప్పటికి దేవుడున్నాడనే దాకా వచ్చిన లూయిస్, ఆ తర్వాత కొద్ది రోజులకే క్రైస్తవుడయ్యాడు. 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసంలో టోల్కీన్ ఇదే వాదాన్ని సిద్ధాంతంగా నిలబెట్టి, కవి చేసే పనికి ఉపసృష్టి అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. కవిని ప్రజాపతితో పోల్చిన మన ఆలంకారికులు ఆ మాట వింటే, ఉప అనే ఆ చిన్న ముక్క ఎందుకయ్యా అని అడిగేవారు కాబోలు. కాని టోల్కీన్‌కు ప్రాణమంతా ఆ చిన్న ముక్కలోనే ఉంది.

ఈ ప్రశ్నకు ఆయన చెప్పిన అసలు జవాబు ఉపన్యాసంలో లేదు, ఔలే కథలో ఉంది. ఎల్ఫులూ మనుషులూ ఇంకా పుట్టలేదు. వాళ్లను పుట్టించేది ఎరూ ఒక్కడే. శిల్పి ఔలేకు శిష్యులు కావాలనే తహతహ. ఆగలేక, కొండ కింద చాటుగా, పొట్టి మనుషులను ఏడుగురిని తయారు చేశాడు. వాళ్లకు భాష కూడా నేర్పడం మొదలుపెట్టాడు. ఎరూ పిలిచి, నీ అధికారం దాటి ఈ పని ఎందుకు చేశావని అడిగాడు. నీవు కదలమంటే కదిలే బొమ్మలేగా ఇవి అన్నాడు. ఔలే దాచలేదు. తండ్రి పని చూసి ఆడుకునే పిల్లవాడు తండ్రిని వెక్కిరించడం లేదు కదా అని విన్నవించుకొని, ఏడుస్తూ, తన బొమ్మలను పగలగొట్టడానికి సుత్తి ఎత్తాడు. ఆ ఏడుగురూ భయపడి వంగిపోయారు. బొమ్మలకు భయమెలా వచ్చింది? ఔలే లొంగిన క్షణంలోనే ఎరూ వాటికి ప్రాణం పోశాడు. మరుగుజ్జుల జాతి అలా బ్రతికింది, కాని ఎల్ఫులు పుట్టేదాకా నిద్రపోవలసిందే అనే షరతు మీద.

ఈ కథ క్లాసులో చెప్పినప్పుడల్లా, సుత్తి ఎత్తిన చోట వెనక బెంచీలు కూడా నిశ్శబ్దమవుతాయి. నా ఉద్దేశంలో ఆ ఔలే మరెవరో కాదు, టోల్కీనే. చాటుగా, అనుమతి లేకుండా, ప్రేమకొద్దీ బొమ్మలు చేసి వాటికి భాష నేర్పినవాడు. మెల్కోర్‌కూ ఔలేకూ తేడా నైపుణ్యంలో లేదు. చేసినదాన్ని వదులుకోగలగడంలో ఉంది.

లోకం దృష్టిలో మాత్రం ఈ మధ్యకాలమంతా ఆయన ఒక ప్రొఫెసరు. లీడ్స్‌లో ఐదేళ్లు, 1925 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లో-శాక్సన్ ఆచార్యుడు, 1945 నుంచి 1959లో రిటైరయ్యేదాకా మెర్టన్ ఆచార్యపదవి. నలుగురు పిల్లలు. డబ్బు చాలక వేసవి సెలవుల్లో పరీక్ష పేపర్లు దిద్దేవాడు. లెక్చరర్లకు ఈ సంగతి కొంత ఊరట. అలా దిద్దుతుండగా ఒక విద్యార్థి ఖాళీగా వదిలిన పేజీ మీద వ్రాసుకున్న ఒక వాక్యమే ది హాబిట్ అయి 1937లో అచ్చయింది. అది అమ్ముడుపోతుంటే ప్రకాశకుడు ఇంకోటి ఇమ్మన్నాడు. టోల్కీన్ తన ఎల్ఫుల పురాణం కట్ట తీసుకెళ్లి ఇచ్చాడు. అది వాళ్లకు పనికొచ్చే సరుకు కాదని తిరిగివచ్చింది. హాబిట్ల కథే మళ్లీ కావాలన్నారు. సరే అని 1937 డిసెంబరులో కూర్చుంటే, అది పన్నెండేళ్లు పట్టి ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ అయింది. 1954, 55 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా వచ్చింది.

మీలో ఆ పుస్తకం చదివినవాళ్లు ఒకసారి వెతికి చూడండి: వెయ్యి పేజీల్లో ఎక్కడా ఒక గుడి లేదు, ఒక పూజారి లేడు, ఎల్ఫులు చేసే పూజ లేదు. భయం ముంచుకొచ్చినప్పుడు నక్షత్రాల రాణిని ఎల్బెరెత్ అని పిలుస్తారు, ఆవిడ మీద పాట పాడతారు, అంతే. ఒక రాజ్యంలో భోజనానికి ముందు జనం పడమరకు తిరిగి కాసేపు మౌనంగా నిలబడతారు. గాండాల్ఫ్ అనే ముసలి మాంత్రికుడు నిజానికి వాలార్ పంపిన మైయా. కన్నీటి దేవత నియెన్నా దగ్గర జాలి నేర్చుకున్నవాడు. ఆ జాలే చివరికి కథను గట్టెక్కిస్తుంది. కానీ నియెన్నా పేరు ఆ పుస్తకంలో రాదు. టోల్కీన్ ప్రపంచంలో పెద్ద గోపురంతో గుడి కట్టినవాడు ఒక్కడే, సౌరోన్. న్యూమెనోర్ ద్వీపంలో మెల్కోర్‌కు కట్టి, అందులో నరబలులు ఇప్పించాడు. అది వేరే గ్రంథంలోని కథ.

ఇప్పుడు మన కుర్రాళ్ల సందేహానికి వస్తాను. 1960లలో అమెరికా కాలేజీల్లో ఈ పుస్తకం చౌకప్రతుల్లో కార్చిచ్చులా పాకింది. ఆ చదువరుల్లో కొందరు కూర్చొని, తలా ఒక పాత్ర ధరించి ఆడే ఆట ఒకటి కనిపెట్టారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆ ఆట 1974లో వచ్చింది. ఆట ఆడేవాళ్లకు పూజారి పాత్ర కావాలి, పూజారికి దేవుడు కావాలి. అంచేత 1980లో ఆ ఆట కోసం అచ్చయిన దేవతల పుస్తకంలో కొరెల్లన్ లారెథియన్ అని ఎల్ఫులకు ఒక సొంత దేవుణ్ణి ఇచ్చారు. ఓర్కుల దేవుడు గ్రూమ్ష్‌తో పోరాడి అతని కన్ను పోగొట్టినవాడు ఈ కొరెల్లనే. క్రమంగా ప్రేమకూ విలువిద్యకూ కాలానికీ ఒక్కొక్క దేవత చేరి అదో పెద్ద సభ అయింది. మీ హాస్టలు ఆటల్లో కనబడేవాళ్లు ఆ వంశం వాళ్లు. ఎల్ఫుల రూపురేఖలు టోల్కీన్ నుంచి తీసుకున్నారు. దేవుళ్లను మాత్రం ఆయన చెరిపేసిన మాకార్ పద్ధతిలోకే మళ్లీ తెచ్చారు. ఆటకు అదే సరదా, కాదనను. కానీ జాతికొక దేవుడు అనే ఆలోచనను టోల్కీన్ ఒప్పుకోడు. ఆయన లోకంలో ఎల్ఫుకూ, మనిషికీ, ఔలే చేసిన మరుగుజ్జుకూ పైనున్నవాడు ఒక్కడే.

మళ్లీ ఆయన దగ్గరకు వెళదాం. పుస్తకం పేరు మోగుతుంటే, 1954లో ఆక్స్‌ఫర్డ్‌లోనే కాథలిక్ పుస్తకాల దుకాణం నడిపే ఒకాయన ఉత్తరం వ్రాశాడు. మీరు హద్దు దాటలేదా అని మర్యాదగానే అడిగాడు. ముఖ్యంగా, చనిపోయిన ఎల్ఫులు మళ్లీ పుడతారన్న విషయం మీద. పునర్జన్మ మనకు ఇంటి మాట. చర్చికి మాత్రం అది ఒప్పుదల లేని మాట. టోల్కీన్ పేజీలకు పేజీలు జవాబు వ్రాశాడు. దేవుడు ఈ లోకంలో వాడని పద్ధతిని మరో లోకంలో వాడకూడదని ఎవరు అనగలరు అన్నది దాని సారాంశం. వ్రాశాడు కాని పోస్టు చేయలేదు. తన గొప్ప తానే చెప్పుకుంటున్నట్టుందని పక్కన పెట్టేశాడు. అయినా ఆ ముల్లు లోపలే ఉండిపోయింది. తర్వాతి ఏళ్లలో ఎల్ఫులు పసిబిడ్డలుగా మళ్లీ పుట్టడం అనే పద్ధతినే మార్చేశాడు. ఆత్మ జ్ఞాపకం ఉంచుకున్న పాత శరీరాన్నే తిరిగి కట్టి ఇస్తారని దిద్దాడు.

రిటైరయ్యాక తీరిక దొరికింది, ప్రకాశకులు ఇప్పుడు అదే పురాణం కోసం ఎదురు చూస్తున్నారు. ఇక పూర్తిచేయడమే తరువాయి అనుకుంటాం కదా? అప్పుడే ఆయన పునాదులు తవ్వడం మొదలుపెట్టాడు. పాత కథలో భూమి బల్లపరుపుగా ఉంటుంది, సూర్యుడు ఒక దివ్యవృక్షం కాసిన చివరి పండు. సృష్టి చూసిన వాలార్ దగ్గర చదువుకున్న ఎల్ఫులు ఇలాంటి తప్పుడు ఖగోళం చెప్పుకుంటారా? వీల్లేదు, భూమి మొదటి నుంచీ గుండ్రమే కావాలి అని నిశ్చయించాడు. అలా మారిస్తే నలభై ఏళ్ల కథ కూలుతుంది. చెడుకు సృష్టించే శక్తి లేదన్నప్పుడు ఓర్కులు ఎక్కడి నుంచి వచ్చారు? చెడగొట్టబడిన ఎల్ఫులా, మనుషులా, వట్టి జంతువులా? అలా చెడినవాళ్లకు గతి ఏమిటి? ఒక్కో కాగితం మీద ఒక్కో జవాబు. ఆయన వ్రాసిన చిన్న కథ ఒకటి 1945లో అచ్చయింది. ఆకుల్ని గీస్తూ చెట్టును పూర్తిచేయలేని చిత్రకారుడి కథ. తన సంగతి ఆయనకు ముందే తెలుసన్నమాట.

1959 ప్రాంతంలో వ్రాసిన ఒక సంభాషణ మాత్రం పూర్తయింది. నాకు ఆయన రచన అంతటిలో అదే శిఖరం. ఫిన్రోద్ అనే ఎల్ఫు రాజు, ఆండ్రెత్ అనే వృద్ధురాలైన మానవ స్త్రీ చావు గురించి వాదించుకుంటారు. ఎల్ఫులకు చావు లేదని ఆవిడకు అసూయ. లోకం అంతమైననాడు మాతోపాటు ఏం మిగలదు, మాకు ఏ వాగ్దానమూ లేదు అని అతని భయం. అతని తమ్ముణ్ణి ఆవిడ వయస్సులో ఉండగా ప్రేమించింది. అతను ఇంకా యువకుడే, ఈవిడ తల నెరిసింది. వాదం చివర ఆండ్రెత్, తన జాతిలో కొందరు చెప్పుకునే పాత నమ్మకం ఒకటి బయటపెడుతుంది: ఎరూ తానే ఒకనాడు ఈ లోకంలోకి దిగివచ్చి దీన్ని బాగుచేస్తాడని. తాను నమ్మలేనని అంటుంది. ఫిన్రోదుకు మాత్రం ఆ మాటలో వెలుగు కనబడుతుంది.

ఇక్కడ టోల్కీన్ తన నియమం అంచుకు వచ్చేశాడు. ఇది తన మతానికి పేరడీలా ధ్వనిస్తుందేమోనని ఆయనే కాగితం మీద సందేహం వ్రాసుకున్నాడు. అయినా చింపలేదు, పురాణానికి అనుబంధంలో చివర ఉండాలని గుర్తు పెట్టుకున్నాడు. అది అచ్చులోకి వచ్చింది 1993లో.

ఎడిత్ 1971 నవంబరులో పోయింది. టోల్కీన్ 1973 సెప్టెంబరు 2న బోర్న్‌మత్‌లో, ఎనభై ఒకటో ఏట కన్నుమూశాడు. పురాణం పెట్టెల్లో, కవర్లలో, పాత పరీక్ష కాగితాల వెనక చెల్లాచెదురుగా మిగిలింది. మూడో కొడుకు క్రిస్టఫర్ ఆక్స్‌ఫర్డ్ ఉద్యోగం వదిలేసి ఆ కాగితాల ముందు కూర్చున్నాడు. 1977లో ది సిల్మరిలియన్ వచ్చింది. ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద ఒక ఆదివారం అట్ట ఊడిపోయిన ప్రతి నాకు దొరికింది, అదే ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. ఆ తర్వాత 1983 నుంచి 1996 దాకా పన్నెండు సంపుటాల్లో తండ్రి చిత్తుప్రతులన్నీ, కొట్టివేసిన మాకార్‌తో సహా, క్రిస్టఫర్ అచ్చు వేయించాడు. తొంభై ఐదేళ్లు బ్రతికి 2020లో వెళ్లిపోయాడు.

ఆక్స్‌ఫర్డ్ శివార్లలో వుల్వర్‌కోట్ శ్మశానం ఉంది. భార్య సమాధి మీద ఆమె పేరు కింద లూథియెన్ అని టోల్కీన్ చెక్కించాడు. మనిషి కోసం అమరత్వం వదులుకున్న ఎల్ఫు రాకుమారి పేరు అది. రెండేళ్లకు అదే రాతి మీద ఆయన పేరు కింద బెరెన్ అని చేరింది, ఆమె వరించిన మనిషి పేరు. ఆ సమాధి ఉన్నది శ్మశానంలో కాథలిక్కులకు కేటాయించిన భాగంలో.